సారా పాటకు అడ్డం పడ్డవాళ్లు

1992లో నెల్లూరు జిల్లాలో ఒక వేలంపాట జరగాల్సి ఉంది. ఏటా జరిగేదే. ఏ ప్రాంతంలో సారా అమ్ముకునే హక్కు ఎవరిదో తేల్చే పాట. ఎక్సైజు సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది కాబట్టి ఆలోగా పాట ముగించి, కంట్రాక్టర్ల చేత డబ్బు కట్టించుకోవాలి. ఆ ఏడు తేదీ ప్రకటించారు, వాయిదా వేశారు. మళ్లీ ప్రకటించారు, మళ్లీ వాయిదా. పాట జరిగే చోటికి ఊళ్ల నుంచి ఆడవాళ్లు వచ్చి బైఠాయించారు. కూలికి పోతే తప్ప పూట గడవని వాళ్లు పని మానుకుని వచ్చి కూర్చున్నారు. లోపలికి పోవాలంటే కంట్రాక్టర్లు వాళ్లను దాటుకుని పోవాలి.

ప్రభుత్వం మీద ఒత్తిడి తెచ్చే వర్గాలు, ఎన్నికల మీద వాటి ప్రభావం అన్నది నాకిచ్చిన అంశం. ఈ మాట వినగానే మనకు ఢిల్లీ హోటళ్లలో కలుసుకునే పెద్దమనుషులు, పారిశ్రామికవేత్తల సంఘాలు గుర్తొస్తాయి. వాళ్ల సంగతీ వస్తుంది. కానీ ఒత్తిడి ఎక్కడ పుడుతుంది, పార్టీ చేతికి ఎలా చేరుతుంది, చట్టం ఎలా అవుతుంది, ఆ చట్టం ఎలా పోతుంది అన్నది మొదటి నుంచి చివరి దాకా కళ్లకు కట్టే కథ మన దగ్గరే ఉంది. అందుకే ఈ కాసేపూ సారా కథే చెబుతాను.

ముందు కంట్రాక్టరు సంగతి. సారా కంట్రాక్టంటే ఉత్త వ్యాపారం కాదు. చేతిలో రోజూ ఆడే రొక్కం, ఊరూరా మనుషులు, తిరగడానికి జీపులు, పోలీసు స్టేషన్లో పలుకుబడి. ఎన్నికలొస్తే అభ్యర్థికి కావలసినవి కూడా సరిగ్గా ఇవే. అందువల్ల ఎవరు గెలిచినా కంట్రాక్టరు వాళ్లకు దగ్గరివాడే. కొన్నిచోట్ల ఆ దూరం కూడా ఉండదు, కంట్రాక్టరే నాయకుడు. ఆయన ఏ ఊరేగింపూ తీయడు, ఏ వినతిపత్రమూ ఇవ్వడు. పాట ఎంత దగ్గర ఆగాలో, ఏ దుకాణం మీద కేసు పెట్టకూడదో మాట మీదనే నడిచిపోతుంది.

ఆయనకంటే పెద్ద భాగస్వామి ఇంకొకరున్నారు. ప్రభుత్వ ఖజానా. 1970లో పదుల కోట్లలో ఉన్న ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు రాబడి 1991-92 నాటికి 800 కోట్లు దాటింది. అదంతా ప్రజలు ఎక్కువ తాగాలని కోరుకున్నందువల్ల పెరిగిందంటే నేను నమ్మను. 1980లలో తెలుగుదేశం ప్రభుత్వం వారుణి వాహిని పేరుతో సారాను పాకెట్లలో నింపి ఊళ్లకు పంపే పద్ధతి తెచ్చింది. పాకెట్టు రాకముందు తాగాలనుకున్నవాడు సారా ఉన్న చోటికి నడిచి వెళ్లేవాడు. పాకెట్టు వచ్చాక సారాయే నడిచి వచ్చింది. పొలం గట్టు మీదికి, కూలి డబ్బులు పంచే చోటికి, ఇంటి అరుగు మీదికి. తాగునీళ్లు సరిగా అందని ఊళ్లకు కూడా సారా వేళ తప్పకుండా అందేదని ఆ రోజుల్లో ఆడవాళ్లు అనేవాళ్లు. ప్రభుత్వాలు మారాయి. 1989లో కాంగ్రెస్ వచ్చింది. పాకెట్టు మాత్రం మారలేదు.

ఇక అవతలి పక్షం ఎలా తయారైందో చూడండి. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం మొదలైంది. అదీ ప్రభుత్వానిదే. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు, ఉపాధ్యాయులు, చదువుకున్న కుర్రవాళ్లు రాత్రిపూట ఊళ్లలో పాఠాలు చెప్పారు. పెద్దవాళ్ల కోసం రాసిన వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. తాగుడు కాపురాన్ని ఏం చేస్తుందో చెప్పే పాఠం. పలక పట్టుకున్న ఆడవాళ్లకు అందులో అక్షరాలు కొత్త, కథ పాతది. ఇంట్లో రోజూ చూస్తున్నదే. కలిగిరి మండలంలోని దూబగుంటలో వాళ్లు పాఠాన్ని చదివి ఊరుకోలేదు. మాట్లాడుకున్నారు. కలిసి వెళ్లి ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. ఆ సంగతి తర్వాతి వాచకంలో ఆడవాళ్లు ఏకమైతే అనే పాఠమై పక్క ఊళ్లకు వెళ్లింది. అక్కడి ఆడవాళ్లు చదివారు, తామూ బయల్దేరారు. ఆ ఊరి పేరే ఇంటిపేరుగా దూబగుంట రోశమ్మ రాష్ట్రమంతటికీ తెలిసిపోయింది.

ఒకే ప్రభుత్వంలో ఎక్సైజు శాఖ సారా అమ్మిస్తుంటే అక్షరాస్యత విభాగం దాని మీద పాఠం చెప్పింది. ప్రభుత్వం అనేది ఒక్క మనసున్న మనిషి కాదని, దానిలో ఒక్కో శాఖకు ఒక్కో ప్రయోజనం ఉంటుందని ఇంతకంటే తేటగా చూపించే ఉదాహరణ నాకు తెలియదు. బయటి వర్గాలు పట్టు సంపాదించేది కూడా అలాంటి చీలికల్లోంచే. కంట్రాక్టర్లకు ఎక్సైజు శాఖ దొరికింది. కూలి ఆడవాళ్లకు రాత్రి బడి దొరికింది.

వాళ్లు అడిగింది ఏమిటి? దీని మీద కొంచెం ఆగుదాం, ఎందుకంటే తర్వాతి కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది. దేశంలో మద్యనిషేధం కావాలని వాళ్లు మొదట అడగలేదు. రాష్ట్రంలో కావాలని కూడా కాదు. మా ఊళ్లోకి సారా రాకూడదు అన్నారు. అంతే. అది చాలా చిన్న కోరిక. చిన్నది కాబట్టే అమలు చేసుకోవడం వాళ్ల చేతిలో ఉంది. ఊరి మొదట్లో కాపు కాశారు. జీపు వస్తే ఆపారు. పాకెట్లు పారబోశారు, తగలబెట్టారు. చీపురు కట్టలు, కారప్పొడి పట్టుకుని నిలబడ్డారు. తాగొచ్చిన మగవాడికి అన్నం పెట్టం అన్నారు. ఎవరు తాగారో, ఎవరి గడ్డివాములో సరుకు దాచారో ఊళ్లో ఆడవాళ్లకు తెలియనిదేముంది? ఏ ఎక్సైజు ఇన్‌స్పెక్టరుకూ అంత సమాచారం ఉండదు.

ఇలా జనం కదలడం మామూలుగా జరగదంటాడు మాన్సర్ ఓల్సన్ అని ఒక అమెరికన్ ఆర్థికవేత్త. 1965లో ఆయన ఒక పుస్తకం రాశాడు. ప్రయోజనం కొద్దిమంది చేతుల్లో చిక్కగా ఉంటే వాళ్లు ఇట్టే సంఘటితమవుతారు, నష్టం లక్షలమంది మీద పలచగా పరుచుకుని ఉంటే వాళ్లు కదలరు అని ఆయన వాదన. చక్కెర ధర కిలోకి అర్ధరూపాయి పెరిగితే కొనేవాళ్లెవరూ ధర్నా చేయరు. అమ్మేవాళ్లకు మాత్రం ఆ అర్ధరూపాయి కోట్లు. ఈ లెక్కన కంట్రాక్టర్లు గెలవాలి, ఆడవాళ్లు ఇంట్లో కూర్చోవాలి. ఎందుకలా జరగలేదు? సారా నష్టం పలచనిది కాదు. ఒక్కో ఇంట్లో అది చిక్కగానే ఉంది. సాయంత్రానికి ఇంటికి రాని కూలి, వచ్చిన తర్వాత తగిలిన దెబ్బ. అయితే ప్రతి ఇల్లూ అది తన ఇంటి సిగ్గనుకుని తలుపులేసుకుంది. రాత్రి బడిలో పదిమంది ఒకచోట కూర్చున్నప్పుడే అది అందరి సంగతి అని తేలింది. ఓల్సన్ చెప్పిన అడ్డంకి నిజమే. దాన్ని దాటించింది ఒక లాంతరు, ఒక వాచకం.

ఇప్పుడు మళ్లీ వేలంపాట దగ్గరికి వద్దాం. ఊళ్లో దుకాణం మూయించడం ఒక ఎత్తు, పాటను ఆపడం ఇంకో ఎత్తు. దుకాణం మూస్తే కంట్రాక్టరుకు ఆ ఊళ్లో బేరం పోతుంది. పాట ఆగితే ప్రభుత్వానికి ఏడాది రాబడికి దారి మూసుకుపోతుంది. రాష్ట్ర వ్యవస్థ మొత్తంలో ఒకే తేదీకి, ఒకే గదికి వచ్చి ఆగే చోటు అది. చదువురాని ఆడవాళ్లని పత్రికలు రాశాయి గానీ, ప్రభుత్వానికి నొప్పి ఎక్కడ పుడుతుందో వాళ్లు పట్టుకున్నంత సూటిగా చాలా రాజకీయ పార్టీలు పట్టుకోలేవు. అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డిది నెల్లూరు జిల్లాయే. సొంత జిల్లాలో సారా పాట జరిపించుకోలేని ముఖ్యమంత్రి అన్న మాట హైదరాబాదులో ఎంత ఇబ్బందిగా వినిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఈలోగా చేతులు కలిపేవాళ్లు పెరిగారు. వామపక్ష మహిళా సంఘాలు, విద్యార్థులు, స్వచ్ఛంద సంస్థలు వచ్చాయి. ఈనాడు పత్రిక ఉద్యమ వార్తలకు రోజూ ప్రత్యేకంగా చోటిచ్చి జిల్లా విషయాన్ని రాష్ట్ర విషయం చేసింది. ప్రతిపక్ష పార్టీలూ వచ్చాయి. వాళ్లందరి ఉద్దేశాలూ ఒకటే అనుకోవద్దు. పత్రికకు పాఠకులు కావాలి, ప్రభుత్వంతో దానికి వేరే లెక్కలూ ఉంటాయి. ప్రతిపక్షానికి ఓట్లు కావాలి. ఎవరి అవసరం వాళ్లది. నా మటుకు ఇందులో తప్పేమీ కనపడదు. ఉద్యమానికి తోడొచ్చే ప్రతివాడి మనసూ శుద్ధిగా ఉండాలని పట్టుబడితే ఏ ఉద్యమమూ మండల కేంద్రం దాటదు. చూసుకోవలసింది ఒకటే, తోడొచ్చినవాడు కోరికను తన వీలుకొద్దీ మారుస్తున్నాడా అని.

1992 అక్టోబరులో కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో సారా నిషేధించారు. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి, అంటే కొత్త ఎక్సైజు సంవత్సరం మొదటి రోజు నుంచి, రాష్ట్రమంతటా నిషేధించారు. పాకెట్టు పోయింది. బ్రాందీ షాపులు మాత్రం ఉన్నాయి. సారా నిషేధమే తప్ప మద్యనిషేధం కాదది. సారా మానినవాళ్లు కొందరు సీసాకు మళ్లారు, అది ఇంకా ఖరీదు. దాంతో మొత్తం మద్యాన్నే ఎత్తేయాలన్న మాట బలపడింది.

ఇక్కడ నందమూరి తారక రామారావు గారు రంగంలోకి వచ్చారు. వారుణి వాహిని వచ్చింది ఆయన హయాంలోనే. 1994 ఎన్నికల్లో సంపూర్ణ మద్యనిషేధం వాగ్దానం చేసిందీ ఆయనే. ఎద్దేవా చేయడానికి ఈ మాట అనడం లేదు. పార్టీలకు సిద్ధాంతం ఎంత ఉంటుందో, వినికిడి కూడా అంత ఉంటుంది. జనం గొంతు మారిందని అందరికంటే ముందు విన్నవాడు లాభపడతాడు. 294 స్థానాల శాసనసభలో తెలుగుదేశానికి 216 వచ్చాయి. కాంగ్రెస్ 26 దగ్గర ఆగిపోయింది. అదంతా మద్యనిషేధం చలవే అనడం అతిశయోక్తి. రెండు రూపాయల కిలో బియ్యం ఉంది, కాంగ్రెస్ మీద విసుగుంది, ముఖ్యమంత్రుల మార్పిడి ఉంది. కానీ ఆడవాళ్లు మగవాళ్ల మాట పక్కనబెట్టి వేరుగా ఓటేస్తారని పార్టీలు లెక్క వేసుకోవడం మన రాష్ట్రంలో గట్టిపడింది అక్కడి నుంచే. డిసెంబరు 12న లాల్ బహదూర్ స్టేడియంలో ప్రమాణం చేసి ఆయన మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి అమల్లోకి వచ్చింది.

గెలుపు సంపూర్ణం. అసలు చిక్కు అక్కడే మొదలైందని నా అభిప్రాయం.

మా ఊళ్లోకి రాకూడదు అన్న కోరికను పార్టీ పెద్దది చేసింది. ఎన్నికల సభలో చిన్న కోరికకు చప్పట్లు పడవు. ఊరు కాస్తా రాష్ట్రమైంది, సారా కాస్తా సమస్త మద్యమూ అయింది. ఊరిని ఆడవాళ్లు కాపు కాయగలరు. రాష్ట్రపు సరిహద్దును ఎవరు కాయాలి? పోలీసులు, ఎక్సైజు వాళ్లు. అంటే నిన్నటి దాకా కంట్రాక్టరుతో కలిసి తిరిగినవాళ్ల చేతికే నిషేధం తాళంచెవి ఇచ్చారు. కర్ణాటక నుంచి సరుకు వచ్చింది. అప్పటి తూర్పు గోదావరి జిల్లా మధ్యలో ఉన్న యానాం పుదుచ్చేరి పాలనలోది, అక్కడ నిషేధం లేదు. అక్కడి నుంచీ వచ్చింది. నాటుసారా బట్టీలు లేచాయి. పాత కంట్రాక్టరు మనుషులకు, జీపులకు, దారులకు కొత్త పని దొరికింది. కాపు కాసిన ఆడవాళ్లు మాత్రం, ప్రభుత్వమే చూసుకుంటుంది కదా అని ఇళ్లకు వెళ్లారు. వాళ్లను తప్పుపట్టలేం. చట్టం వచ్చాక కూడా రాత్రంతా ఊరి మొదట్లో ఎవరు కూర్చుంటారు?

ఖజానా మాత్రం ఇంటికి వెళ్లలేదు. ప్రతి నెలా లోటు చూపిస్తూనే ఉంది. 1995 సెప్టెంబరు 1న చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రి అయ్యారు. మరుసటి ఏడు బియ్యం ధర కిలో మూడున్నరకు పెరిగింది, కరెంటు చార్జీలు పెరిగాయి. 1997లో నిషేధాన్ని సడలిస్తూ చట్టాన్ని సవరించారు. బ్రాందీ షాపులు తెరుచుకున్నాయి. అమలు చేయలేకపోతున్నాం, దొంగసరుకు ఆగడం లేదు, ఆదాయం పోతోంది అని కారణాలు చెప్పారు. మూడూ నిజమే. అయితే ఇలాంటి ఇబ్బందులు ఏ నిషేధంలోనైనా ఉంటాయి. వాటిని సవరించాలా, నిషేధాన్నే ఎత్తేయాలా అన్నది తేల్చేది ఆ రోజు ముఖ్యమంత్రి గది బయట ఎవరు కూర్చున్నారన్నది. 1992లో పాట గది బయట కూర్చున్నవాళ్లు 1997లో అక్కడ లేరు.

ఆంధ్రలో ఈ కథకు ఒక పాత ముందుమాట ఉంది, మనవాళ్లు మరిచిపోతుంటారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. టంగుటూరి ప్రకాశం గారు ముఖ్యమంత్రి. మద్రాసు కాలం నాటి మద్యనిషేధం అప్పటికి అమల్లోనే ఉంది. దానివల్ల కల్లుగీత మీద బతికే కుటుంబాలు వీధిన పడ్డాయి. గౌతు లచ్చన్న గారు వాళ్ల పక్షాన నిలిచారు. నిషేధాన్ని పరిశీలించడానికి వేసిన రామమూర్తి కమిటీ దాన్ని ఎత్తేయమంది, ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1954 నవంబరులో ఆ విషయం మీదే అవిశ్వాస తీర్మానం వచ్చింది. ఒక్క ఓటు తేడాతో ప్రకాశం మంత్రివర్గం పడిపోయింది. నిషేధం వల్ల నష్టపోయే గీత కార్మికులు ఒకనాడు ప్రభుత్వాన్ని దించారు. నిషేధం కావాలన్న కూలి ఆడవాళ్లు నలభై ఏళ్ల తర్వాత ఇంకో ప్రభుత్వాన్ని దించడంలో భాగమయ్యారు. ఇద్దరూ పేదలే. ఒత్తిడి వర్గాలంటే ఎప్పుడూ పెద్దవాళ్లకూ పేదలకూ మధ్య లెక్క అనుకునేవాళ్లు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

మన నిషేధం ఎందుకు నిలవలేదో తెలియాలంటే అమెరికా వైపు కూడా చూడాలి. అక్కడ మద్యనిషేధం తెచ్చిన సంస్థ యాంటీ సెలూన్ లీగ్. 1893లో ఒహాయో రాష్ట్రంలో పుట్టింది. దాని నాయకుడు వేన్ వీలర్ ఒక చిన్న సూత్రం పెట్టుకున్నాడు. ఏ పార్టీ అన్నది మాకు పట్టదు, చట్టసభలో మద్యం మీద ఓటు ఎటు వేశావన్నది ఒక్కటే చూస్తాం. వ్యతిరేకంగా వేసినవాడిని మరుసటి ఎన్నికలో ఓడించడానికి రెండు పార్టీల్లో ఎవరికైనా ఓట్లు మళ్లించేవాడు. పోటీ దగ్గరగా ఉన్నచోట కొద్ది ఓట్లు అటు నుంచి ఇటు జరిగితే చాలు. అలా రాజ్యాంగాన్నే సవరింపజేసి 1920 నుంచి దేశమంతటా నిషేధం తెచ్చారు. అదీ 1933లో పోయింది. మాంద్యం రోజుల్లో పన్ను రాబడి కావాల్సి వచ్చిందన్నది అక్కడా ఒక కారణం. ఖజానా భాష అన్ని దేశాల్లోనూ ఒకటే అన్నమాట. అయినా తేడా గమనించండి. వాళ్ల నిషేధం పదమూడేళ్లు నిలిచింది, మనది రెండేళ్ల పైన. లీగు చేతిలో ప్రతి సభ్యుడి ఓటు లెక్క రాసిన పుస్తకం ఉంది. 1997లో సవరణకు చెయ్యెత్తిన ఎమ్మెల్యేల జాబితా పట్టుకుని 1999లో ఏ ఊరి ఆడవాళ్లూ ఓటడిగేవాళ్లను నిలదీయలేదు. అది చేయించే సంస్థే లేదు.

ఆడవాళ్లు సంఘటితం కాలేదని మాత్రం అనలేం. నెల్లూరు జిల్లాలోనే సారా మీద పోయే డబ్బును దాచుకుందామని రోజుకో రూపాయి లెక్కన పొదుపు లక్ష్మి మొదలైంది. అదే ఒరవడిలో డ్వాక్రా సంఘాలు పెరిగి రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు ఆడవాళ్ల సంఘం లేని ఊరు దాదాపు కనపడదు. అందులో మేలు చాలా ఉంది, వడ్డీ వ్యాపారి పట్టు సడలింది, బ్యాంకు గుమ్మం ఎక్కారు. పార్టీలు కూడా ఈ సంఘాల విలువ బాగా గుర్తించాయి. 1999 ఎన్నికల్లో డ్వాక్రా మాట లేని సభ లేదు. 2004 తర్వాత రాజశేఖరరెడ్డి ప్రభుత్వం పావలా వడ్డీ ఇచ్చింది. ఆ తర్వాత రుణమాఫీలు, ఆసరాలు. ప్రతి పార్టీ దగ్గరా ఆడవాళ్ల కోసం ఒక పథకం ఉంది. కానీ సంఘం సమావేశం పెట్టించేది అధికారి, ఎజెండా వచ్చేది మండలాఫీసు నుంచి, ముఖ్యమంత్రి సభకు బస్సెక్కమని చెప్పేదీ ఆ దారినే. 1992లో ప్రభుత్వం ఇవ్వబోయేదాన్ని వద్దని కూర్చున్నవాళ్లు, ఇప్పుడు ప్రభుత్వం ఇచ్చేదాని కోసం వరుసలో ఉన్నారు. లోపలికి తీసుకుని మెత్తబరచడం అనే విద్య పార్టీలకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ఆ తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను, మీకూ తెలిసిందే. వైన్ షాపులు, వాటికి ఊళ్లలో తోకల్లా బెల్టు షాపులు, ధరలు కలిసి నిర్ణయించుకునే సిండికేట్లు. 2012లో అవినీతి నిరోధక శాఖ సోదాల్లో సిండికేట్ల బాగోతం బయటపడి కొన్నాళ్లు గొడవైంది. 2014లో విభజిత ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం ప్రభుత్వం మొదటి సంతకాల్లో బెల్టు షాపుల రద్దు ఒకటి. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ దశలవారీ నిషేధం అని గెలిచింది. అక్టోబరు నుంచి దుకాణాలను ప్రభుత్వమే నడిపింది. 2022లో అదే ప్రభుత్వపు బెవరేజెస్ కార్పొరేషన్ మద్యం రాబడిని చూపించి 8 వేల కోట్ల పైన బాండ్ల ద్వారా అప్పు తెచ్చింది. రాబోయే ఏళ్లలో తాగబోయే మద్యం మీద అప్పు తీసుకున్నాక, ఆ ఏళ్లలో నిషేధం పెట్టడం ఎలా కుదురుతుంది? 2024 ఎన్నికల్లో అవతలి కూటమి నిషేధం మాటే ఎత్తలేదు, నాణ్యమైన మద్యం తక్కువ ధరకిస్తామంది, గెలిచింది. ఆ అక్టోబరులో 3,396 దుకాణాలకు లాటరీ తీశారు. దాదాపు 90 వేల దరఖాస్తులు, ఒక్కోదానికీ తిరిగి ఇవ్వని 2 లక్షల రూపాయల రుసుము. తెలంగాణలో 2023 ఆగస్టులో 2,620 దుకాణాలకు 1 లక్షా 30 వేల పైగా దరఖాస్తులు వచ్చాయి. అదీ శాసనసభ ఎన్నికలకు కొద్ది నెలల ముందు. సీసా ఒక్కటీ అమ్మకుండానే ఖజానాకు 2,600 కోట్ల పైన చేరింది.

వేలంపాట నుంచి లాటరీకి మారడం చిన్న విషయంలా కనిపిస్తుంది. ఒకప్పుడు జిల్లాకు కొద్దిమంది కంట్రాక్టర్లు. వాళ్లను ఆపితే పాట ఆగేది. ఇప్పుడు వేలమంది చిన్నా పెద్దా పెట్టుబడిదారులు ఒక్కో దరఖాస్తుతో ఈ వ్యాపారానికి బంధువులయ్యారు. బైఠాయించడానికి గది మిగల్లేదు. 2017లో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాలు తమంతట తాము పన్ను పెంచుకోగలిగినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాటిలో మద్యం, పెట్రోలు ముఖ్యమైనవి. పథకాలకు డబ్బు కావాలి, ఆ డబ్బులో మంచి భాగం సీసా నుంచి రావాలి. ఆడవాళ్ల ఖాతాలో వేసే సొమ్ములో కొంత వాళ్ల మగవాళ్ల జేబులోంచే వెళ్లి తిరిగొస్తోందని ఎవరైనా అంటే, నా దగ్గర గట్టి జవాబు లేదు.

పెద్ద డబ్బు సంగతి కూడా ఒక్క మాట. శాసనసభ అభ్యర్థి మన రాష్ట్రాల్లో 40 లక్షల కంటే, లోక్‌సభ అభ్యర్థి 95 లక్షల కంటే ఎక్కువ ఖర్చు పెట్టకూడదు. పార్టీ ఖర్చుకు మాత్రం హద్దు లేదు. ఆ హద్దులేని చోటులోకి 2018 నుంచి ఎన్నికల బాండ్లు వచ్చాయి, ఎవరిచ్చారో ఓటరుకు తెలియకుండా. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. పేర్లు బయటికొచ్చినప్పుడు ఎక్కువ కొన్నవాటిలో మొదటిది కోయంబత్తూరు లాటరీ కంపెనీ, రెండోది హైదరాబాదు నిర్మాణ సంస్థ అని తేలింది. కొన్నందుకు ఏం దక్కిందో నేను చెప్పలేను. చెప్పగలిగింది ఒక్కటే, ఆడవాళ్ల ఒత్తిడి నడిరోడ్డు మీద, పేరూ ముఖమూ చూపించి జరిగింది. ఈ ఒత్తిడికి ఆరేళ్లపాటు పేరు లేదు, చట్టమే ముసుగు కప్పింది.

మరి దూబగుంట మొదట అడిగిన చిన్న కోరిక, మా ఊళ్లోకి వద్దు అన్నది, ఏమైంది? అది పూర్తిగా చావలేదు. 1996లో పార్లమెంటు చేసిన పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని నిషేధించే, అదుపు చేసే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలంది. పాడేరు, ఉట్నూరు ఏజెన్సీ ఊళ్లకు కాగితం మీద ఆ హక్కుంది. మైదానంలోని కలిగిరికి లేదు. మహారాష్ట్ర ఇంకో దారి పట్టింది. ఊళ్లో ఆడ ఓటర్లలో నాలుగోవంతు మంది అర్జీ పెడితే ప్రభుత్వం రహస్య ఓటింగు జరపాలి. బ్యాలెట్ మీద రెండు బొమ్మలు, నిలబెట్టిన సీసా ఒకటి, పడుకోబెట్టిన సీసా ఒకటి. పడుకోబెట్టిన సీసాకు ఓటర్లలో సగానికి మించి ఓటేస్తే దుకాణం మూసేయాల్సిందే. ఏ పార్టీ గుర్తూ లేని ఎన్నిక అది. దానికి ముందు అర్జీ మీది సంతకాలు అసలైనవో కావో అధికారులు ఒక్కొక్కటే సరిచూస్తారు. దుకాణదారుడి మనుషులు ఇళ్లకు వెళ్లి, సంతకం వెనక్కి తీసుకోమని అడగడానికి అదే సమయం. కాబట్టి అర్జీ పెట్టిన ఆడవాళ్లు ఓటింగు రోజు దాకా ఆగడానికి వీల్లేదు, తనిఖీ జరిగే రోజున కూడా అందరూ ఊళ్లోనే ఉండాలి.